ఔరో ప్రెటో: అయిదవ వంతు చెల్లించిన పట్టణము

(గత ప్రకరణము తరువాయి)

గత ప్రకరణమున, సావో పాలో పీఠభూమి నుండి బయలుదేఱి, ఆదిమవాసులను చెఱపట్టి బానిసలుగా నమ్ముకొనుచు, వెండిబంగారముల జాడకై బ్రెజిలు దేశాంతర్భాగమును తరతరములుగా గాలించిన బందైరాంతి దళములవారి వృత్తాంతమును చెప్పియుంటిమి. వారి యన్వేషణము 17వ శతాబ్దపు చివరి దశకమున నెక్కడ ఫలించినదో, ఆ ఫలమును చివరకెవ్వరనుభవించిరో, ఆ కొండలలో విలా రికా యను పేర వెలసిన పట్టణము నేడు ఔరో ప్రెటో యను పేర నెట్లు మిగిలియున్నదో యీ ప్రకరణమున వివరింతుము. భూగర్భమునుండి తీసిన బంగారములో అయిదవ వంతు తనదని పోర్చుగల్ రాజు శాసించెను. ఆ శాసనమును సూత్రముగా పట్టుకొని పోయినచో, ఈ యూర నించుమించు నూఱేండ్లపాటు జరిగిన తిరుగుబాటులకును, కుట్రలకును, ఉరిశిక్షలకును మూలము తేటపడును.

స్థలస్వరూపము

ఔరో ప్రెటో భూమధ్యరేఖకు దక్షిణముగా 20 డిగ్రీల దాపున, మీనస్ జెరాయిస్ రాష్ట్రమున, సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. ఉత్తరదక్షిణములుగా సాగు ఎస్పిన్యాసు పర్వతశ్రేణి దక్షిణపు కొసన నొక వైపు ఔరో ప్రెటో కొండయు, దాని కభిముఖముగా ఇతకొలొమి కొండయు నిలువగా, ఆ రెంటి నడుమ నిఱుకైన లోయలో, సమతలమనునది యెఱుగని చఱియలపై నీ పట్టణము ప్రాకియున్నది. ఇతకొలొమి శిఖరము 1,772 మీటర్ల యెత్తు కలది; తల్లి ప్రక్కన బిడ్డవలె నొక మహాశిలను ఆనుకొని చిన్నశిల యొకటి యొరగియుండుటచే, ఎంత దూరమునుండియైనను బాటసారి దానిని గుఱుతింపగలడు. దారులు లేని కాలమున దళములవారికి ఆ శిఖరమే దిక్కు చూపెను.

పట్టణము నడుమ దొర్లు వాగులు కర్ము ఏటిలో కలిసి, ఆ యేఱు తూర్పుగా పాఱి దోసీ నదిలో చేరి, అట్లాంటిక్ సముద్రమును చేరుచున్నది; కొండకు ఆవలివైపు జలములు వెల్యాస్ నది ద్వారమున సావో ఫ్రాన్సిస్కో మహానదిని చేరుచున్నవి. అక్టోబరు మొదలు మార్చి వఱకు వానలు విస్తారముగా కురియును. తక్కిన మాసములలో ప్రాతఃకాలమున మంచు లోయను కప్పివేయును. ఈ ప్రాంతపు శిలలలో ఇనుప ధాతువు మెండు. ఆ శిలల నడుమ చొచ్చియున్న పలుగురాతి సిరలలో బంగారముండగా, వర్షజలములు వాని నొరసి యొరసి, బంగారు రేణువులను వాగుల యిసుకలోనికిని గులకలోనికిని చేర్చెను. ఇనుము, పల్లాడియము మొదలగు లోహముల సాంగత్యముచే ఆ రేణువులు పైకి నల్లగా కానవచ్చును. తరువాతి కాలమున ఊరికి వచ్చిన ‘నల్లబంగారము’ అను పేరునకు ఇదియే హేతువు. భాగ్యమును కల్పించిన యీ భూమియే పంటకు చోటీయలేదు. దున్నుటకు తగిన నేల లేని లోయలోనికి వేలకొలది జనము వచ్చి పడినప్పుడు ఏమి సంభవించునో చరిత్ర వెంటనే చూపినది.

కనుగొనుట, కఱవు

బంగారము దొరకిన విధమును ఆంతొనిల్ అను మాఱుపేరుతో వ్రాసిన యొక ఇటలీ దేశపు జెసూట్ మతాచార్యుడు తన గ్రంథమున చెప్పెను. దళముతో వచ్చిన మిశ్రసంతతివాడొకడు త్రిపుయి యను వాగులో నీటికై కొయ్యగిన్నె ముంచగా, అడుగున ఉక్కు రంగు గల రేణువులు చిక్కెనట. వానిని ఏమని యెఱుగక తౌబతె యను నూరిలో స్వల్పమూల్యమునకు అమ్మివేసిరి. వానిలో కొన్ని చేతులు మాఱి రియో డి జనీరోలోని గవర్నరు ఆర్తూర్ ద సా వద్దకు చేరగా, పరీక్షించి చూడగా మేలిమి బంగారమని తేలెను. తౌబతె దళనాయకుడు ఆంతోనియో దియస్ 1698 జూను 24న ఇతకొలొమి శిఖరమును గుఱుతుపట్టి యీ లోయలో దిగెననుట పరంపరాగతమైన మాట. నేటికిని ఊరిలో ఒక పేట ఆతని పేర పిలువబడుచున్నది. ఆంతొనిల్ గ్రంథము 1711లో లిస్బను నగరమున అచ్చుపడగనే, గనులకు పోవు దారులు పరరాజ్యములవారికి తెలియునను భయమున రాజప్రభుత్వము దానిని స్వాధీనపఱచుకొని అణచివేసెననుటయే ఆ సమాచారమునకు ఆనాడు గల విలువను చాటుచున్నది.

వార్త పొక్కినంతనే సావో పాలో నుండియు, తూర్పుతీరపు చెఱకుతోటల నుండియు, సముద్రము దాటి పోర్చుగల్ పల్లెల నుండియు జనము తండోపతండములుగా కదలెను. సావో పాలో నుండి గనులకు రెండు నెలల కాలినడక. వచ్చినవారు గులకను కడుగుటయే గాని విత్తనము చల్లుట మఱచిరి. 1697–98లోను, మరల 1700–01లోను దారుణమైన కఱవు రాగా, జోలెనిండ బంగారముండియు పలువురు ఆకటికి మలమల మాడి మరణించిరి. మిగిలినవారు గనులను విడిచి అడవులబట్టి దుంపలు త్రవ్వుకొని బ్రతికిరి. బంగారమును ఒయితావా యను తూనికతో తూచుట ఆనాటి వాడుక. అది మూడున్నర గ్రాములకు కొంచెము పైబడును. గనులలో నొక పశువు వెల 80 ఒయితావాలనియు, అఱువది మొక్కజొన్నకండెల వెల 30 ఒయితావాలనియు ఆంతొనిల్ పట్టికలో కలదు. త్రవ్వినవానికంటె పశువులను తోలుకొని వచ్చి యమ్మినవాడే ముందుగా ధనవంతుడయ్యెనని దీనివలన నూహింపవచ్చును.

తొలుత వచ్చిన సావో పాలో వారు గనులు తమ సొత్తనిరి. తరువాత వచ్చిన పోర్చుగల్ వారిని, ఇతర తీరప్రాంతములవారిని ఎంబొయాబులని హేళనము చేసిరి. ఈ వైరము 1707 మొదలు 1709 వఱకు సాగిన యుద్ధముగా పరిణమించి, సావో పాలో వారి యోటమితో ముగిసెను. ఇరుపక్షముల కలహమును సాకుగా గొని రాజాధికారము లోయలో కాలు మోపెను. 1711 జూలై 8న గవర్నరు ఆంతోనియో ద ఆల్బుకెర్కె వాగుల వెంబడి చెల్లాచెదరుగా నున్న శిబిరములను చేర్చి విలా రికా యను పేర పట్టణముగా స్థాపించెను. 1720లో మీనస్ ప్రాంతమును సావో పాలో నుండి విడదీసి ప్రత్యేక రాష్ట్రముగా నేర్పఱచి, విలా రికాను దానికి ముఖ్యపట్టణము గావించిరి.

త్రవ్వినవారెవరు?

బంగారము రాజుదనియు, గని యజమానిదనియు కాగితములు చెప్పుచుండగా, దానిని నేలనుండి తీసినవారు ఆఫ్రికా బానిసలు. పశ్చిమాఫ్రికాలోని మీనా తీరమున బంగారు త్రవ్వకము పూర్వమునుండి యున్నదగుటచే, అచటినుండి తెచ్చినవారికి రేణువుల జాడ కనిపెట్టు నేర్పు కలదని యజమానులు వారిని ప్రత్యేకించి కోరి కొనుచుండిరి. మొదట వాగుల గులకను బాతెయా యను, నడుమ కుంగిన కొయ్యపళ్లెములలో నీటితో త్రిప్పి త్రిప్పి, బరువైన బంగారమును అడుగున నిలిపెడివారు. అందులకై దినమంతయు చల్లని నీట నడుములోతున నిలుచుట వారి విధి. వాగులు తఱిగిన పిదప కొండమీదికి కాలువలు త్రిప్పి, చఱియలను నీటి వేగముతో కోసి, ఆ బురదను మున్దేవులను రాతితొట్లలో నిలువచేసి కడిగిరి. అటుపిమ్మట మనుష్యుడు వంగి ప్రాకవలసిన సొరంగములను కొండలోనికి తొలిచిరి. ఆ రాతితొట్ల శిథిలములును సొరంగముఖములును నేటికిని ఊరి పైకొండపై కానవచ్చుచున్నవి.

1776లో తీసిన లెక్కలో మీనస్ రాష్ట్ర జనసంఖ్య మూడు లక్షలకు పైబడియుండగా, అందు నల్లవారును మిశ్రసంతతివారును కలిసి నాలుగింట మూడు వంతులకు మించియుండిరి. కొందఱు తమకు విడిచిన దినములలో కూడబెట్టిన బంగారముతో స్వేచ్ఛను కొనుక్కొనిరి. ఆఫ్రికాలో రాజుగానుండి బానిసగా వచ్చి, తన్నును తనవారిని విడిపించుకొని గనిని కొన్న షికు రెయ్ యను వాని కథ యీ యూర ప్రతివానికి తెలియును. అది ఐతిహ్యమేకాని పత్రసాక్ష్యము గలది కాదు. నల్లవారి రోజరీ సమాజమువారు కొండకొమ్మున నిర్మించుకొన్న సాంతా ఎఫిజేనియా ఆలయము మాత్రము కంటికి కనబడు సాక్ష్యము.

అయిదవ వంతు

ఇక రాజభాగము మాట. వాగులలో రేణువులుగా దొరకు బంగారమును ఎవడు జేబులో వేసికొనిపోయినను కనిపెట్టుట దుర్లభము. అందుచే మొదట పట్టణసభలు ఏటేట 30 అర్రోబాల బంగారమును సమష్టిగా చెల్లించునట్లు ఒడంబడిక జరిగెను. అర్రోబా యనగా సుమారు 14.7 కిలోగ్రాములు. రాజు దానితో తృప్తి చెందక, రేణువులనన్నిటిని ప్రభుత్వపు కరగుసాలలకు తెచ్చి, అయిదవ వంతు అచటనే మినహాయించి, రాజముద్ర గల కడ్డీలుగా పోయించుకొనవలసినదని 1719లో శాసించెను. దీనిపై 1720 జూనులో విలా రికా తిరుగబడెను. గవర్నరు అసుమార్ ప్రభువు తిరుగుబాటుదారుల కోరికలనన్నిటిని అంగీకరించినట్లు నటించి, వారు మైమఱచియుండగా సైన్యముతో వచ్చి, నాయకులను పట్టి, పాస్కోల్ ద సిల్వా గిమరాయిన్స్ అను ధనికుని యిండ్లను కొండపై తగులబెట్టించి, ఫిలిప్ దోస్ సాంతోస్ అనువానిని ఉరితీయించి దేహమును ఖండములు చేయించెను. కాలిన యా కొండకు ‘కైమాదా’ కొండయను పేరు నేటికిని నిలిచియున్నది.

కరగుసాల 1725లో తెఱవబడెను. 1735లో ఆ పద్ధతిని మాని, బంగారము దొరకినను దొరకకున్నను ఒక్కొక్క బానిస తలకు ఏటికి నాలుగు ముప్పాతిక ఒయితావాలు, అనగా సుమారు 17 గ్రాములు, యజమాని చెల్లింపవలెనని తలపన్ను విధించిరి. అది బీదయజమానులను చిదిమివేయుటచే 1751 నుండి కరగుసాలలు మరల వచ్చెను. కాని యీసారి రాష్ట్రమంతయు కలిసి ఏటికి 100 అర్రోబాలు తప్పక సమకూర్పవలెననియు, తక్కువపడినచో ఆ లోటును ప్రజలందఱిపై పంచి బలవంతముగా రాబట్టవచ్చుననియు నొక షరతు చేర్చిరి. ఆ బలవంతపు వసూలునకే దెరామా యని పేరు. దొంగతనముగా బంగారమును దాటించుట యొక విద్యగా పెరిగినది ఈ కాలముననే. లోపల డొల్లచేసిన కొయ్యప్రతిమలలో రేణువులు నింపి దాటించిరని జనశ్రుతి.

రాజునకు ముట్టిన భాగమైనను పోర్చుగలులో నిలిచెనా? ఐదవ జాన్ రాజు 1717లో మాఫ్రా యందు ఆరంభించిన బ్రహ్మాండమైన రాజసౌధమఠము బ్రెజిలు బంగారముతో లేచినది. 1703లో ఇంగ్లండుతో చేసికొన్న మెథుయెన్ సంధి ననుసరించి పోర్చుగలు ఇంగ్లండు ఉన్నివస్త్రములను కొనుచు, తన ద్రాక్షాసవమునమ్ముచు, రెంటికి నడుమ పడు లోటును బంగారముతో పూడ్చుచుండెను. మీనస్ కొండలలో పుట్టి, రియో ఓడరేవున ఓడనెక్కి, లిస్బనులో లెక్కకెక్కి, లండనులో నాణెమైనదే ఆ బంగారములో పెద్దపాలు. ఆ రవాణా మార్గమున నున్న కారణముచేతనే రియో డి జనీరో పెరిగి, 1763లో బాహియాను త్రోసిరాజని బ్రెజిలు రాజధాని యయ్యెను.

మన కృష్ణాతీరమునకును ఈ పట్టణమునకును ఒక్క సంబంధము కలదు. 1725లో విలా రికాలో కరగుసాలను తెఱచిన గవర్నరు లోరెన్సు ద ఆల్మైదా పూర్వము ఇండియాలో పోర్చుగీసు కొలువు చేసినవాడు. తన యేలుబడిలోని ఉత్తరప్రాంతమున, తిజూకు గ్రామసమీపమున వజ్రములు దొరకుచున్నవని 1729లో ఆతడే రాజునకు నివేదించెను. అంతవఱకు ఐరోపా విపణికి వజ్రములనిన గోలకొండ వజ్రములే. కొల్లూరు, పరిటాల గనులే. బ్రెజిలు వజ్రములు వచ్చి పడుటతో ఐరోపాలో ధర కుప్పకూలెను.

ఆలయములు, శిల్పులు

సన్న్యాసిమఠములవారు బంగారమును దొంగతనముగా దాటింతురను అనుమానమున రాజు మీనస్ రాష్ట్రమున మఠములు స్థాపించుటను నిషేధించెను. ఈ నిషేధము అనుకోని ఫలము నిచ్చినది. మఠములు లేకపోవుటచే పౌరులే భక్తసమాజములుగా నేర్పడి, తెల్లవారొకటి, మిశ్రసంతతివారొకటి, నల్లవారొకటిగా, పోటీపడి ఆలయములు కట్టించిరి. 1733 మే 24న పిలార్ ఆలయమునకు దివ్యప్రసాదమును తరలించిన యూరేగింపు, గుఱ్ఱములకును సేవకులకును రత్నాభరణములు తొడిగి నడపించినంతటి వైభవముతో సాగెనని మరుసటి యేడు లిస్బనులో అచ్చైన గ్రంథము వర్ణించుచున్నది. పిలార్ పేటయు ఆంతోనియో దియస్ పేటయు ఈర్ష్యాళువులైన రెండు ఊళ్లవలె నుండుటచే, రెంటికి నడిమి మిట్టపై గవర్నరు సౌధమును, పట్టణసభాభవనమును నిర్మించిరి.

ఆలయశిల్పమున అగ్రగణ్యుడు ఆంతోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా. పోర్చుగీసు వాస్తుకారునికి ఆఫ్రికా బానిసస్త్రీయందు జన్మించినవాడు; నడివయసున దారుణరోగము సోకి చేతివ్రేళ్లు కోల్పోవుటచే ‘అలైజాదిన్యో’, అనగా చిన్నకుంటివాడు, అను మాఱుపేర ప్రసిద్ధుడు. 1766లో ఆరంభమైన అస్సీసీ ఫ్రాన్సిస్ ఆలయమునకు రూపకల్పన చేసి, దాని ముఖద్వారమును మన బలపపురాతివంటి మెత్తని స్థానికశిలతో చెక్కినవాడు ఆతడే. లోకప్పుపై చిత్రరచన చేసినవాడు మానువెల్ ద కోస్తా అతాయిద్. రోగము ముదిరిన పిదప సుత్తిని ఉలిని ముంజేతులకు కట్టించుకొని, మోరీసియు మొదలగు తన బానిసల సాయముతో, 1800–1805 నడుమ కొంగొన్యాస్ క్షేత్రమున పండ్రెండుగురు ప్రవక్తల విగ్రహములను ముగించెను. బానిస తల్లికి పుట్టిన ఈ శిల్పి తానును బానిసలను కలిగియుండెననుట ఆ సమాజ స్వరూపమును ఉన్నదున్నట్లు తెలుపును. ఆతడు 1814లో మరణించి, తాను పుట్టిన ఆంతోనియో దియస్ పేట ఆలయముననే సమాధి చేయబడెను.

కుట్ర

1760 దశకము నుండి గనులు తఱిగిపోవ నారంభించెను. కొండ తఱిగినది గాని కోరిక తఱుగలేదు. 100 అర్రోబాల లోటు ఏటేట పేరుకొని, 1789 నాటికి అయిదువందల అర్రోబాలకు పైబడిన బాకీగా నిలిచెను. కొత్త గవర్నరు బార్బసేనా ప్రభువు దెరామాను విధింపనున్నాడను వార్తతో, విలా రికాలోని కవులు, న్యాయవాదులు, మతగురువులు, సేనానులు రహస్యముగా కూడి, దెరామా ప్రకటించిన దినముననే తిరుగబడి గణరాజ్యమును స్థాపింపవలెనని యోచించిరి. అమెరికా సంయుక్తరాష్ట్రముల యుదాహరణము వారి కన్నుల యెదుట నుండెను. విలా రికాలో విశ్వవిద్యాలయము నెలకొల్పవలెనని వారిలో కొందఱు తలచిరి. బానిసలను విడిపించు విషయమున మాత్రము వారిలో నేకాభిప్రాయము లేకుండెను.

రాజునకు పెద్దమొత్తము బాకీపడిన జోకిం సిల్వేరియు దోస్ రెయిస్ అనువాడు బాకీ మాఫీకై గవర్నరునకు గుట్టు బయటపెట్టెను. గవర్నరు దెరామాను నిలిపివేసి, కుట్రదారులను ఒక్కొక్కరిగా పట్టించెను. కవి క్లాదియు మానువెల్ ద కోస్తా, పన్నుల గుత్తదారు రోద్రిగెస్ ద మసేదు కట్టించిన భవనమున బందీగా నుండి 1789 జూలై 4న ప్రాణములు విడిచెను. ఆత్మహత్య యని అధికారులనిరి, హత్య యని జనమనిరి. కవియు న్యాయాధికారియు నైన తొమాస్ ఆంతోనియో గొంజాగా మొజాంబికునకు ప్రవాసము పంపబడెను. మరణశిక్ష పడినవారిలో తక్కినవారికి శిక్ష తగ్గి, పండ్లు పీకు వృత్తిచే ‘తిరదెంతెస్’ అని పేరొందిన జోకిం జొజే ద సిల్వా షవియెర్ అను నాశ్విక సేనలోని చిన్నయుద్యోగి యొక్కడే, నేరమంతయు తనదని ఒప్పుకొని, 1792 ఏప్రిలు 21న రియోలో ఉరికంబమెక్కెను. ఆతని తలను విలా రికాకు తెచ్చి నడిచౌకమున స్తంభముపై నిలిపిరి. ధనికుడైన పన్నుల గుత్తదారు మసేదు మాత్రము శిక్షపడక తప్పించుకొనెను. నేడా చౌకమునకు తిరదెంతెస్ పేరే పెట్టియున్నారు. ఏప్రిలు 21 బ్రెజిలు దేశమంతటను సెలవుదినము.

పిమ్మటి కాలము

బ్రెజిలు స్వతంత్రమైన పిదప, 1823లో విలా రికా సామ్రాజ్యనగర బిరుదమును, ఔరో ప్రెటో యను నామమును పొందెను. 1876 అక్టోబరు 12న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ ఆన్రీ గోర్సే ఇచట గనివిద్యాలయమును స్థాపింపగా, బంగారము తఱిగిన యూర గనిశాస్త్రము వెలసెను. కాని యిఱుకు లోయలో నూతన రాజధానికి చాలినంత చోటు లేదని, 1897 డిసెంబరు 12న రాష్ట్ర రాజధానిని సుమారు 100 కిలోమీటర్ల దూరమున కట్టిన బెలో హోరిజొంతెకు తరలించిరి. అధికారులును వర్తకులును తరలిపోయిరి. ఊరిలో పాతయిండ్లను పడగొట్టి క్రొత్తవి కట్టుకొనగల ధనము గలవాడు మిగులలేదు. ఆ దారిద్ర్యమే పట్టణమును రక్షించినది. 1924లో మారియు ద ఆంద్రాద్ మొదలగు ఆధునిక కవిచిత్రకారులు యాత్ర చేసి దీని విలువను లోకమునకు చాటిరి. 1933లో బ్రెజిలు ప్రభుత్వము దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరిన మొదటి బ్రెజిలు స్థలమిదియే యయ్యెను.

భూస్వభావము మాత్రము మాఱలేదు. నూఱేండ్లు త్రవ్వి, కోసి, డొల్లచేసిన చఱియలు వానకాలమున నేటికిని జాఱుచునే యున్నవి. 2022 జనవరిలో ఒక కొండచఱియ విఱిగిపడి 19వ శతాబ్దపు సౌధము నొకదానిని క్షణములో నేలమట్టము చేసెను. పొరుగునున్న మరియానాలో 2015 నవంబరు 5న ఇనుపగని వ్యర్థముల కట్ట తెగి, 19 మంది మరణించి, బురద దోసీ నది వెంట సముద్రము వఱకు పాఱెను. బంగారము పోయినను ఇనుమునకై ఆ కొండలను త్రవ్వుట ఆగలేదు.

ఈ చరిత్రపై మా నిర్ణయమిది: విలా రికా బంగారము త్రవ్వినవానికి దక్కలేదు, ఊరికి దక్కలేదు, అయిదవ వంతు పుచ్చుకొన్న రాజునకును చిరకాలము దక్కలేదు. ఆ లెక్కలలో నేనాడును చేరని బలపపురాయి, దానిని మలచిన నేర్పరుల పని, ఇవి మాత్రమే పట్టణమునకు మిగిలినవి; ఆ పనివారిలో బానిసలును బానిసల బిడ్డలును పెక్కుమంది గలరని పాఠకులు మఱవరాదు. విలా రికా గవర్నరు నివేదికతో లోకమునకు తెలిసిన తిజూకు వజ్రక్షేత్రమును, దానివలన గోలకొండ వజ్రముల వర్తకమునకు కలిగిన విపర్యాసమును వచ్చు ప్రకరణమున వివరింతుము.